పొగాకు ఫ్లేవర్: పదకొండు సీసాలయ్యాయి, ఒక్కటీ కుదరలేదు

పొదిలి_బ్యారన్:

అందరికీ నమస్కారం. ఉండేది ఇంగ్లండ్‌లో లెస్టర్. సొంతూరు పొదిలి పక్కన పల్లె. గోదాములో నైట్ షిఫ్టు చేస్తాను. పదిహేడేళ్ళు సిగరెట్లు తాగాను. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ గోల్డ్ ఫ్లేక్, ఇక్కడికొచ్చాక ప్యాకెట్ ధర చూసి కళ్ళు తిరిగి, కాగితంలో చుట్టుకునే పొగాకు. మానేసి ఏడు నెలలైంది. ఇప్పుడు వేప్ (ఇ-సిగరెట్) మీద నడుస్తోంది, అందులో పోసే లిక్విడ్ నేనే కలుపుకుంటాను. సిగరెట్ అలవాటు లేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు ఈ గోల అక్కర్లేదు, హాయిగా వేరే పోస్టుకి వెళ్ళిపోండి.

నా బాధ పొగాకు రుచి గురించి. మామిడి, పుచ్చకాయ, బబుల్‌గమ్ నాకు పడవు. నలభై దగ్గరపడ్డవాణ్ణి బ్రేకులో బయట నిలబడి బబుల్‌గమ్ వాసన వదులుతుంటే పక్కనున్న కుర్రాళ్ళు మొహం తిప్పుకుని నవ్వుతున్నారు. అందుకని పొగాకు ఫ్లేవర్లే కొంటున్నాను. పదకొండు చిన్న సీసాలయ్యాయి. అన్నీ చెప్పను, ముఖ్యమైనవి చెబుతాను.

అందరూ మొదట చెప్పేది ఆర్‌వై4 అనే ఫ్లేవర్. టిఎఫ్ఏ కంపెనీ వాళ్ళ ఆర్‌వై4 డబుల్ తెచ్చాను. పంచదార పాకం, వెనిల్లా. తప్పు పట్టడానికి ఏం లేదు గానీ, సిగరెట్ అడిగితే గిన్నెలో సేమియా పాయసం పెట్టినట్టుంది. తర్వాత ఒక ఆన్‌లైన్ షాపులో పేరు గంభీరంగా ఉందని ఇంకోటి కొన్నాను. వానలో తడిసి ఆరిన అట్టపెట్టె నాకినట్టుంది. ఇనవేరా వాళ్ళ బ్లాక్ ఫర్ పైప్ కాస్త నయం, పొగ చూరిన వాసన నిజంగానే ఉంది. కానీ రెండు గంటలయ్యేసరికి ఆరిన పొయ్యి పక్కన కూర్చున్నట్టు అనిపిస్తుంది.

ఎవరో అసిటైల్ పైరజీన్ (ఫ్లేవర్లలో వేసే ఒక రసాయనం) కలిపితే పొగాకుకి ఒళ్ళు వస్తుందన్నారు. 5 శాతం ద్రావణం తెచ్చి 10 మిల్లీలీటర్ల సీసాలో పది చుక్కలు వేశాను. పేలాలు! అచ్చం పేలాలు. రెండు రోజులు ఇల్లంతా అదే వాసన. మా ఆవిడ తలుపు తీస్తూనే, "తొలి ఏకాదశి ఇంకా ఎనిమిది నెలలుంది కదండీ" అంది. ఆ సీసా సింకులో పోశాను.

నాకు కావాల్సిందేంటో చెబుతాను, నవ్వొద్దు. మా నాన్న వర్జీనియా పొగాకు రైతు. చిన్నప్పుడు మా బ్యారన్‌లో (పొయ్యి వేడితో ఆకు ఆరబెట్టే గది) ఆకు ఎక్కించిన రెండో రోజు సాయంత్రం, రంగు తిరిగిందా లేదా చూడ్డానికి నాన్న లాంతరు పట్టుకుని పక్కనున్న చిన్న తలుపు తీసేవాడు. తీయగానే మొహానికి తడి వేడి కొట్టేది. లోపల వరసలు వరసలుగా కర్రలు, వాటికి తలకిందులుగా వేలాడే ఆకులు, సగం పచ్చ, సగం పసుపు. ఎండుగడ్డికీ బెల్లానికీ మధ్య ఒక వాసన. నేను మొదటి సిగరెట్ ముట్టించింది ఆ తర్వాత పదేళ్ళకి. అయినా పొగాకు అంటే నా ముక్కుకి అదే గుర్తు. అది ఏ సీసాలోనూ లేదు.

ఇప్పుడు కలిపే లెక్క: 60 మిల్లీలీటర్లకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ షాట్ (10 మిల్లీలీటర్ల చిన్న సీసా) ఒకటి, అంటే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు. విజి (వెజిటబుల్ గ్లిజరిన్) 70, పిజి (ప్రొపిలీన్ గ్లైకాల్) 30. పరికరం పెద్దది, 70 వాట్ల మీద నడుపుతాను. రోజుకు 12 మిల్లీలీటర్ల దాకా అయిపోతోంది, అయినా వెలితి.

రెండు ప్రశ్నలు. ఒకటి, సంక్రాంతికి ఊరెళ్తున్నాను. ఇంట్లో పోయినేటి ఆకు కొంచెం ఉంటుంది. నాలుగు ఆకులు తెచ్చి పిజిలో నెల రోజులు నానబెట్టి కాఫీ ఫిల్టర్‌లో వడగడితే ఆ వాసన వస్తుందా? రెండు, ఈ వేప్ ఊరికి తీసుకెళ్ళొచ్చా?

—

క్రాయ్‌డన్_కాఫీగింజ:

అన్నా, మీ వెలితిలో సగం నాలుకది కాదు, గొంతుది. పదిహేడేళ్ళు సిగరెట్ తాగిన మనిషికి 3 మిల్లీగ్రాములు మజ్జిగ నీళ్ళు. పెద్ద పరికరంలో మేఘాలు మేఘాలుగా లాగి ఆ లోటు పూడుస్తున్నారు. మీరు చెప్పిన లెక్కే చూడండి: 12 మిల్లీలీటర్లు, 3 చొప్పున, రోజుకు 36 మిల్లీగ్రాములు. చిన్న పరికరం కొనండి. ఒక ఓమ్ కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ), 13, 14 వాట్లు చాలు. సిగరెట్ లాగినట్టే ముందు నోట్లోకి, తర్వాత లోపలికి. లిక్విడ్ 12 మిల్లీగ్రాములది పెట్టుకోండి. రోజుకు 3 మిల్లీలీటర్లతో సరిపోతుంది, లెక్క అదే 36. 30 మిల్లీలీటర్ల సీసాలో రెండు షాట్లు పోస్తే 12 వచ్చేస్తుంది, మిగతా 10 మిల్లీలీటర్లు ఫ్లేవరూ, పిజీ విజీ. పిజి సగానికి పెంచండి, గొంతులో ఆ గీత పడేది దానివల్లే. విజి ఎక్కువైతే అంతా మెత్తగా, తియ్యగా జారిపోతుంది.

ఇక రుచి. ఆర్‌వై4 మీకు పాయసంలా ఉండటంలో వింత లేదు. ఆర్‌వై అంటే రుయాన్, ఇ-సిగరెట్ మొదట అమ్మిన చైనా కంపెనీ. 2003లో దాన్ని తయారుచేసిన హోన్ లిక్ కంపెనీ అదే. వాళ్ళ ఫ్లేవర్లలో నాలుగోది పాకం కలిపిన పొగాకు, ఆ పేరే స్థిరపడింది. పైగా ఈ పొగాకు ఫ్లేవర్లలో చాలావాటికి మూలం అమెరికన్ సిగరెట్: వర్జీనియా, బర్లీ, ఓరియంటల్ కలిపి, బర్లీకి తీపి పట్టించి చేసేది. మన ఇండియా సిగరెట్ ఎక్కువగా వర్జీనియా ఆకే. మీ నాలుక ఎండుగడ్డి రుచికి అలవాటుపడింది, మీరు కొంటున్నది వేరుశనగ, కోకో, పాకం. ఆర్‌వై4 అని ఉన్నదీ, అమెరికన్ అని ఉన్నదీ పక్కన పెట్టేయండి. పేరులో వర్జీనియా ఉన్నది వెతకండి. ఫ్లేవరా వాళ్ళ వర్జీనియా టొబాకో నాకు నచ్చుతుంది, 2 శాతం. వాళ్ళదే క్యూర్డ్ టొబాకో అర శాతం. ఫ్లేవర్‌ఆర్ట్ బ్లాక్ టీ 0.3 శాతం వేస్తే ఆకు వగరు వస్తుంది. టీ కూడా ఆకే కదా.

పైరజీన్ మీద అలగకండి. పది చుక్కలు పోశారు మీరు! గుప్పెడు ఇంగువ వేసి పప్పు పాడైందన్నట్టుంది. 0.5 శాతం, అంతే. చుక్కలు లెక్కపెట్టడం మానేసి 0.01 గ్రాము చూపించే తక్కెడ కొనండి, పది పన్నెండు పౌండ్లలో వస్తుంది. సీసా దాని మీద పెట్టి ఒక్కోటీ తూచి పోయండి. 30 మిల్లీలీటర్లలో 2 శాతం అంటే 0.6 గ్రాము దాకా. తూచినదే మళ్ళీ అదే రుచిలో కలపగలం. చుక్కలతో కలిపింది బాగా కుదిరినా రెండోసారి రాదు, ఏడుపే మిగులుతుంది (అనుభవం).

ఇంకోటి, మీరు కలిపిన రోజే రుచి చూసి తిట్టుకుంటున్నారని నా అనుమానం. పండ్ల ఫ్లేవర్లు రెండో రోజుకే సిద్ధం. పొగాకు అలా కాదు, నాలుగు వారాలు. ఆవకాయ కలిపిన పూట తిని పచ్చిగా ఉందనే వాళ్ళుంటారా? మూత బిగించి బీరువాలో చీకట్లో పెట్టండి. గాలికి మూత తీసి పెట్టమని కొందరు చెబుతారు, వినకండి. నికోటిన్ రంగు మారి ఘాటు చెడిపోతుంది.

వంటింటి ఎసెన్సులు, లవంగ నూనె లాంటి ప్రయోగాలు మాత్రం చేయొద్దు. నూనె ఉన్నది ఏదైనా ఊపిరితిత్తులకి చేటు. చేతికి గ్లౌజులు, సీసా మీద పేరూ తేదీ, పిల్లలుంటే తాళం.

—

మలక్‌పేట_మనిషి:

రెండో ప్రశ్నకి జవాబు: తేవద్దు అన్నా. ఇక్కడ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పొగాకు పండించే జిల్లాకి పొగాకు వాసన సీసా తీసుకెళ్ళి శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళకి సంజాయిషీ చెప్పుకునే యోగం మీకెందుకు? 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. పది రోజులు అది నములుకోండి.

—

జంగారెడ్డిగూడెం_తోట:

అబ్బాయ్, మాదీ వర్జీనియానే. మావి ఇసుక నేలలు, మీవి వేరు, కానీ బ్యారన్ బ్యారనే. నాకీ వేపుల సంగతి తెలీదు. మా అబ్బాయి నీ పోస్టు చూపించాడు, ఆకు నానబెడతానన్నావని చదివి ఉండబట్టలేక రాయిస్తున్నాను.

నీకు గుర్తుండే ఉంటుంది, పూత రాగానే తలలు తుంచుతాం. తుంచాక పిలకలు రాకుండా కాండం మీదుగా మందు పోస్తాం. అంతకు ముందు పురుగులకి కొట్టినవి ఉండనే ఉన్నాయి. కాలిస్తే మంచిదని నేననను. కానీ ఆ మందుల ఆకుని నెల రోజులు ఊరబెట్టి, ఆ రసం ఆవిరి చేసి పీలుస్తావా? ఆకులో ఉండే చెడ్డవి కూడా ఆ రసంలోకి దిగుతాయి. నైట్రోసమైన్లు అంటారు, పొగాకులోనే పుట్టే విషాలు. కాఫీ వడకట్టే కాగితం వాటిని ఆపదు. మావాడు ఇంకోటి చెబుతున్నాడు: ఆకు రసంలోని జిగురు, మైనం కాయిల్‌కి పట్టి రెండు మూడు రోజుల్లో నల్లగా మాడిపోతుందట.

అదంతా అలా ఉంచు. నీకు కావలసిన వాసన ఆ ఆకులో లేదు. నువ్వు చెప్పేది రెండో రోజు వాసన. అప్పటికింకా ఆకు చావలేదు. వేడి 95, 105 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య పట్టి ఉంచుతాం. లోపలి పిండి చక్కెరగా మారేది, పచ్చ పోయి పసుపు వచ్చేది అప్పుడే. తర్వాత వేడి పెంచుకుంటూ పోతాం, చివర ఈనె ఎండటానికి 160 దాకా. అయిదారు రోజులకి దించి, చెమ్మ పట్టించి, గ్రేడు చేసి, బేళ్ళు కట్టేసరికి ఆ వాసన వేరే వాసన అయిపోతుంది. మీ ఇంట్లో ఉన్నది పోయినేటి ఆకు అన్నావు. దాన్ని నానబెడితే వేలం కేంద్రం వాసన వస్తుందేమో గానీ, నువ్వు చూసిన రెండో రోజు సాయంత్రం రాదు.

అయినా బ్యారన్ దగ్గర వచ్చేది ఒక్క ఆకు వాసనేనా? కట్టెలు, తడి గోడలు, చెమట. మీ నాన్నగారిని అడుగు. మనకి గుర్తున్నది ఒకటి, ఉన్నది ఇంకోటి.

—

పొదిలి_బ్యారన్:

పెద్దాయన గారికి నమస్కారం. పిలకల మందు సంగతి ఎలా మర్చిపోయానో నాకే తెలీదు. చిన్నప్పుడు సెలవుల్లో ఆ మందు పోసిన చేతుల వాసన రెండు రోజులు పోయేది కాదు. ఆకు ఆలోచన మానేశాను.

చెల్లెమ్మా, కలిపిన రోజే రుచి చూస్తున్నానని ఎలా కనిపెట్టావు? అదే రోజు కాదు, అయిదు నిమిషాల్లోనే. సీసాలు బీరువా మీద పెట్టెలో తాళం వేసే ఉన్నాయి, మావాడికి ఆరేళ్ళు. తక్కెడ ఆర్డరు పెట్టాను. వర్జీనియా దొరికింది, క్యూర్డ్ వచ్చే వారం వస్తుందట.

—

వుల్వర్‌హాంప్టన్_సిక్కోలు:

నేను డెంటల్ నర్సుని. మాది శ్రీకాకుళం. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఆవిడ పైఅంగిట్లో తెల్లగా గరుకుగా ఉండేది, మధ్యలో ఎర్రచుక్కలు. చిన్నప్పుడు నోరు తెరిచి చూపించి మమ్మల్ని నవ్వించేది. ఈ చదువు చదివాకే అదేమిటో తెలిసింది. అందుకని సిగరెట్ మానిన ఎవరికైనా ముందు శభాష్ అంటాను.

ఒకటే అడుగుతాను. 12కి పెంచుకోండి, తప్పు లేదు, మళ్ళీ సిగరెట్ ముట్టుకోవడం కంటే మేలే. కానీ దిగే దారి కూడా రాసుకున్నారా? వేప్ సిగరెట్ కంటే తక్కువ హాని అని ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) చెబుతుంది, హాని లేనిదని చెప్పదు. మీ ఏరియాలో సిగరెట్ మానిపించే సర్వీసు ఉందేమో చూడండి, మీకు సరిపడే ప్లాన్ వాళ్ళు కూర్చుని వేసిస్తారు.

—

పొదిలి_బ్యారన్:

రాసుకోలేదండీ, ఇప్పుడు రాశాను. ఫ్రిజ్ మీద మావాడి హోంవర్కు పక్కన అంటించాను: మార్చి దాకా 12, జూన్ దాకా 9, ఆ తర్వాత 6. ఎందుకు నాన్నా ఎంచక్కా తగ్గిపోతున్నాయి ఆ అంకెలు అని అడిగాడు. తీసివేతలు అన్నాను.

—

పొదిలి_బ్యారన్ (అయిదు వారాల తర్వాత):

ఫలితం చెప్పకుండా మాయమయ్యేవాళ్ళంటే నాకే ఒళ్ళుమంట, అందుకే రాస్తున్నాను.

చిన్న పరికరం, 12 మిల్లీగ్రాములు, పిజి సగం. ఇది మొదటిరోజే తేడా చూపించింది. షిఫ్టు మధ్యలో నాలుగు దమ్ములు లాగి జేబులో పెట్టుకుంటున్నాను. ఇంతకు ముందు చేతిలోంచి దించేవాణ్ణి కాదు. రోజుకు 3 మిల్లీలీటర్లు చెల్లెమ్మ చెప్పినట్టే, ఒక్కో రోజు రెండున్నరే.

ఫ్లేవర్ రెండు సీసాలు కలిపాను. మొదటిది వర్జీనియా 2, క్యూర్డ్ 0.5, బ్లాక్ టీ 0.3. రెండోది అదే, దానికి పైరజీన్ 0.5 అదనం. రెండోది కలపడానికి మనసు ఒప్పుకోలేదు గానీ, పోయింది ఎలాగూ పోయింది అని కలిపాను. బీరువాలో పెట్టి నాలుగు వారాలు ముట్టలేదు. అబద్ధం, రెండో వారం మొదటి సీసా ఒకసారి మూత తీసి వాసన చూశాను. సబ్బులా ఉంది. టెన్షన్ పడి మూత పెట్టేశాను.

నాలుగు వారాలయ్యాక మొదటిది బాగుంది. సబ్బు పోయింది. ఎండుగడ్డి, కొంచెం తేనె, చివర టీ వగరు. సిగరెట్ కాదు. కానీ చాలా రోజుల తర్వాత పొగాకు అనిపించింది. ఇది చాలనుకున్నాను.

మర్నాడు రెండోది లాగాను. లాగి, షిఫ్టు మధ్యలో అలాగే నిలబడిపోయాను. చిన్న తలుపు, లాంతరు, మొహానికి వేడి. ఎందుకో అర్థం కాలేదు. పైరజీన్ అంటే పేలాలు కదా, మా బ్యారన్‌లో పేలాలెక్కడివి?

ఆదివారం నాన్నతో వీడియో కాల్‌లో అడిగాను, ఆకు పసుపు తిరిగేటప్పుడు ఎలాంటి వాసన వచ్చేది నాన్నా అని. ఆయన పొలం గట్టు మీద ఉన్నాడు, గాలికి సగం మాటలు వినపడలేదు. "ఆకు వాసన ఆకు వాసనేరా," అన్నాడు. కాసేపాగి తనే, "మీరెక్కడ ఆకు దగ్గరున్నారు, పొయ్యి దగ్గర కదా మీ మకాం. పిల్లకాయలంతా చేరి పచ్చి జొన్న కంకులు తెచ్చి పొయ్యి మూతిలో కాల్చుకుని తినేవాళ్ళు. నిప్పులు బయటికి లాగుతున్నారని రోజూ తిట్టేవాణ్ణి" అన్నాడు.

కంకులు నాకు గుర్తే. వాటిని నలిపి ఊదుకుంటూ తినడం, అరచేతులు నల్లగా అవడం, అన్నీ గుర్తే. అది బ్యారన్ వాసనలో కలిసి ఉందని మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

మా ఆవిడకి రెండో సీసా వాసన చూపించాను. మళ్ళీ పేలాలే అంది. వాళ్ళది తెనాలి, వాళ్ళకి బ్యారన్ లేదు.

—

క్రాయ్‌డన్_కాఫీగింజ:

అన్నా సూపర్! మరి ఇప్పుడు పైరజీన్ 0.5 దగ్గరే ఉంచుతారా, ఇంకొంచెం పెంచుతారా?

—

పొదిలి_బ్యారన్:

0.5 దగ్గరే. 0.7తో ఒక సీసా కలిపి బీరువాలో పెట్టాను, తేదీ రాసి. సంక్రాంతి నుంచి తిరిగొచ్చాక మూత తీస్తాను.